నాలుగింటికల్లా చేరమన్నది ఓనరు, చలానా మాత్రం నాకా?

ప్రశ్న: నేను లారీ డ్రైవర్ని. విజయవాడ నుంచి చెన్నైకి సరుకు తోలుతుంటాను. మా లారీ 2018లో తయారైంది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా స్పీడ్ గవర్నర్ ఉండేది. నిరుడు ఓనరు మెకానిక్‌ను పిలిపించి దాని వైరు తీయించారు. రాత్రి పదింటికి లోడుతో బయలుదేరి తెల్లవారుజామున నాలుగింటికల్లా మార్కెట్లో ఉండాలని ఫోనులో వాయిస్ మెసేజీలు పెడతారు. పోయిన నెల నాలుగు వరుసల రహదారి మీద 94 వేగంతో స్పీడ్ గన్‌కు చిక్కాను. ఇది రెండోసారి. జరిమానా నా బత్తాలోంచి పట్టుకుంటానని ఓనరు అంటున్నారు. నాతోటి డ్రైవర్లేమో గవర్నర్ ఉంటే ఓవర్‌టేక్ చేసేటప్పుడు బండి లాగదని, తీసేయించడమే మంచిదని అంటారు. తప్పు ఎవరిది? నా లైసెన్సు పోతుందా?

జవాబు: మీరు పంపిన ఫొటో చూశాను. తెగిపోయిన సీలు, పక్కనే నల్ల టేపు చుట్టిన వైరు కొస. ఆ టేపు చుట్టింది మీరు కాదు, చుట్టమన్నదీ మీరు కాదు. అయినా రోడ్డు మీద ఆ బండితో దొరికేది మీరే. అందుకే ముందుగా లైసెన్సు సంగతి చెబుతాను.

2018 ఏప్రిల్‌లో కేంద్రం నోటిఫై చేసిన పరిమితుల ప్రకారం సరుకు రవాణా వాహనాలకు నాలుగు వరుసల రహదారి మీద గరిష్ఠ వేగం 80. అది దాటితే మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ కింద మధ్య తరహా, భారీ వాహనాలకు 2,000 నుంచి 4,000 రూపాయల జరిమానా. కోర్టుకు పోకుండా కేసు ముగించే రాజీ రుసుము అక్కడికక్కడే కట్టించుకునే అధికారం రాష్ట్రాలకు ఉంది కాబట్టి మీ చలానా మీద అంకె కొంత వేరుగా ఉండవచ్చు. అసలు చిక్కు రెండోసారి దొరకడంలో ఉంది. 2019 సవరణ తర్వాత రెండోసారి ఇదే నేరం చేస్తే లైసెన్సు స్వాధీనం చేసుకుని లైసెన్సింగ్ అధికారికి పంపవచ్చు. కాబట్టి ఈ చలానాను ఫోనులో చప్పున కట్టేయకండి. కట్టడమంటే నేరం ఒప్పుకున్నట్టే. ముందు మీ ఊరి కోర్టులో ఒక న్యాయవాదిని కలవండి. ఒక అధికారి కంటి అంచనా మాత్రమే సాక్ష్యమైతే వేగం కేసులో శిక్ష వేయకూడదని అదే సెక్షన్ చెబుతుంది. మీ విషయంలో పరికరం ఉంది. అయితే ఆ పరికరానికి చెల్లుబాటయ్యే ధ్రువపత్రం ఉందా అని అడిగే హక్కు మీకుంది.

ఇక గవర్నర్. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 118వ నియమం ప్రకారం 2015 అక్టోబర్ 1 నుంచి తయారైన రవాణా వాహనాలకు ఇది తప్పనిసరి. కొన్ని మినహాయింపులున్నా మీ లారీ వాటిలోకి రాదు. ట్యాంకర్లకు, డంపర్లకు, స్కూలు బస్సులకైతే 60కే కట్టడి. మీ ఓనరు చేయించిన పని 182ఏ సెక్షన్ కిందికి వస్తుందని నా అభిప్రాయం. చట్టం అనుమతించని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కానీ 190(2) సెక్షన్ మిమ్మల్నీ వదలదు. రహదారి భద్రతా ప్రమాణాలు లేని బండిని నడిపినా, నడిపించినా, నడవనిచ్చినా నేరమే. మొదటిసారికి మూడు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ, వాటితోపాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. ఓనరు చెప్పారు కాబట్టి నడిపానంటే శిక్ష తగ్గించమని అడగడానికి పనికొస్తుంది తప్ప నేరం పోదు. ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంది. ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ పరీక్ష) రోజున వైరు కలిపి, మర్నాడు మళ్లీ తీసేసే బళ్లు చాలా ఉన్నాయని మీ వృత్తివాళ్లే నాతో అన్నారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రోడ్డు మీద ఆపిన రోజు మాత్రం స్టీరింగ్ ముందు కూర్చున్నవాడే దోషిగా కనిపిస్తాడు.

అయితే డ్రైవర్లలో చాలామందికి తెలియని రక్షణ ఒకటి ఈ చట్టంలోనే ఉంది. 183వ సెక్షన్ వేగంగా నడిపినవారినే కాదు, తన కింద పనిచేసేవారితో అలా నడిపించినవారిని కూడా శిక్షిస్తుంది. అందులోనే నాలుగో ఉపసెక్షన్ ఉంది. ఇన్ని గంటల్లో ప్రయాణం ముగించాలని ఎవరైనా ఆదేశించారనుకుందాం. వేగ పరిమితి దాటకుండా అది సాధ్యం కాదని కోర్టు అభిప్రాయపడితే, ఆ ఆదేశమే వారు నేరం చేశారనడానికి ప్రాథమిక సాక్ష్యం అవుతుంది. మీ లెక్క చూడండి. విజయవాడ నుంచి చెన్నైకి సుమారు 450 కిలోమీటర్లు. పది నుంచి నాలుగు వరకు ఆరు గంటలు. అంటే సగటున 75. గరిష్ఠమే 80 అయినప్పుడు, పట్టణ పరిధిలో 60కి తగ్గాల్సినప్పుడు, టోల్ గేట్లు దాటుతూ, డీజిల్ కొట్టించుకుంటూ, కనీసం మూత్ర విసర్జనకు ఆగుతూ సగటు 75 ఎలా వస్తుంది? ఈ లెక్క మేజిస్ట్రేటు ముందు కాగితం మీద వేసి చూపించవచ్చు. మీ ఓనరు వాయిస్ మెసేజీలు మీకున్న బలమైన సాక్ష్యం. వాటిని చెరపకండి, ఫోను మార్చకండి. కోర్టులో దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. అది మీ న్యాయవాది చూసుకుంటారు.

మీ తోటివారి అభ్యంతరాన్ని నేను తీసిపారేయను. ముందు లారీ 75లో పోతోంది, మీరు 80లో ఉన్నారు. తేడా అయిదే. రెండు బళ్ల పొడవు, ఎడం కలిపి 60 మీటర్లు దాటాలంటే 43 సెకన్లు పడుతుంది. ఆలోగా మీరు దాదాపు కిలోమీటరు పోతారు. వెనక కార్లు హారన్లు కొడుతుంటే ఆ 43 సెకన్లు ఎంత పొడవో నడిపేవారికే తెలుసు. కానీ మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు మీద ఎదురుబండి రాదు. ఎదురుబండి వచ్చే రెండు వరుసల రోడ్డు మీదైతే సరుకు బళ్లకు పరిమితి 60 మాత్రమే. అక్కడ 80 కూడా మీ హక్కు కాదు కాబట్టి గవర్నర్ మీద నింద నిలవదు. దాటలేనప్పుడు వెనకే ఉండమనే చట్టం అడుగుతోంది. ఓవర్‌టేక్ కోసం కాసేపు వేగం దాటవచ్చనే వెసులుబాటు ఎక్కడా లేదు. 80 నుంచి 94కు పెరిగింది 14 కిలోమీటర్లే అనిపిస్తుంది, కానీ ఢీకొట్టేటప్పుడు బండిలో ఉండే శక్తి మూడో వంతుకు పైగా పెరుగుతుంది. నిండు లోడుతో ఉన్నప్పుడు అదెంత బరువో ఆలోచించండి.

ఇంకో మాట. గవర్నర్ ఇంజిన్‌కు ఇంధనం తగ్గిస్తుంది తప్ప బ్రేకు వేయదు. ఘాట్ రోడ్డులో న్యూట్రల్‌లో దిగితే గవర్నర్ ఉన్న బండి కూడా 80 దాటుతుంది. గవర్నర్ ఉంది కాబట్టి 80 దాటే ప్రసక్తే లేదన్న వాదన కోర్టులో నిలబడదు.

బత్తా విషయానికొస్తే, చట్టం అనుమతించిన పద్దుల కింద తప్ప జీతంలో కోత వేయకూడదు. మీ సంజాయిషీ వినకుండా జరిమానా విధించడానికీ వీల్లేదు. కోత వేస్తే కార్మిక శాఖ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

తర్వాతి ట్రిప్పుకు ముందు ఓనరుకు ఇలా రాసి పంపండి: 'బండికి గవర్నర్ పనిచేయడం లేదు. కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రంలో బిగించి సీలు వేయించండి. అప్పటిదాకా ఈ బండి నడపలేను. చెన్నై ట్రిప్పుకు ఆరు గంటలు చాలవు.' కోపంగా ఒక్క మాటా వద్దు, తేదీ వేయండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. పని పోతుందన్న భయం మీకుంటుందని తెలుసు. కానీ ఆ వైరు లేని బండి కింద ఎవరైనా పడితే నిర్లక్ష్యం వల్ల మరణానికి కారణమైన నేరం కింద భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కేసు మీ పేరు మీదే నమోదవుతుంది, అయిదేళ్ల వరకు జైలు. న్యాయవాది దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు చలానాలూ, సీబుక్ (బండి రిజిస్ట్రేషన్ పత్రం) నకలూ, మెసేజీలున్న ఫోనూ, ఆ వైరు ఫొటో తీసిన తేదీ తెలిసే అసలు ఫైలూ వెంట తీసుకెళ్లండి.