ఫోన్ నంబర్ ఇస్తే తప్పేంటి?

ప్రశ్న: ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఫీల్డ్‌వర్క్ కోసం వారానికి రెండు రోజులు బాలికల సదనానికి వెళ్తున్నాను. అక్కడ పద్నాలుగేళ్ల అమ్మాయి నాకు బాగా చేరువైంది. అడిగితే నా ఫోన్ నంబర్ ఇచ్చాను, పట్టీలు కొనుక్కోమని రెండొందలు ఇచ్చాను. సూపర్‌వైజర్ గట్టిగా మందలించారు. ప్రేమగా ఉండటం తప్పా? నేను ఈ వృత్తికి పనికిరానా?

జవాబు: పనికొస్తారు. పిల్లలు దగ్గరికి రాని మనిషితో ఈ పని సాగదు. మిమ్మల్ని ‘అక్కా’ అని పిలిస్తే పిలవనివ్వండి, ‘మేడమ్’ అని దిద్దక్కర్లేదు. కానీ ఒకటి చెప్పండి, ఆ నంబరు, ఆ రెండొందల సంగతి మీ ఫీల్డ్‌వర్క్ రిపోర్టులో రాశారా? రాసి ఉండరు. రిపోర్టులో రాయడానికి చెయ్యి రాని పని ఏదైనా సరే, గీత దాటినట్టే లెక్క.

డబ్బు సంగతి చూడండి. సదనంలో ఒక్కరి దగ్గర కొత్త పట్టీలు కనబడితే సాయంత్రానికల్లా అందరికీ తెలుస్తుంది. పెద్ద పిల్లలు లాక్కోవచ్చు, దొంగతనం నింద పడొచ్చు. ఎవరిచ్చారో చెప్పొద్దని మీరు అని ఉంటే ఇంకా ప్రమాదం. పెద్దవాళ్లు రహస్యంగా ఏదో ఇవ్వడం, దాన్ని దాచడం మామూలేనని ఆ పిల్లకు మీరే నేర్పినట్టవుతుంది. పిల్లల్ని లొంగదీసుకునేవాళ్లు వేసే మొదటి అడుగూ అదే. ఇవ్వాలనిపిస్తే సంస్థకు ఇవ్వండి, స్టాక్ రిజిస్టర్‌లో రాయించండి, అందరికీ సమానంగా అందనివ్వండి.

నంబరు విషయంలో చిక్కు వేరు. రాత్రి పదకొండుకు ఎవరి ఫోన్ నుంచో చేస్తుంది. మీకు మర్నాడు పరీక్ష, ఎత్తరు. ఇప్పటికే ఒకరిద్దరు వదిలేసి వెళ్లిన పిల్లకు ఆ మోగి ఆగిన ఫోన్ చిన్న విషయం కాదు. ఎప్పుడు చేసినా పలుకుతామని చెప్పగలిగేది వ్యవస్థే: చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, ఇరవై నాలుగు గంటలూ, ఉచితం. ఇన్‌స్టాగ్రామ్ రిక్వెస్ట్ వస్తే చప్పుడు చేయకుండా వదిలేయకండి, ఎందుకు ఒప్పుకోరో ఎదురుగా చెప్పండి. సదనంలో పిల్లలతో కేక్ కోసిన ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం అసలే వద్దు. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 సెక్షన్ 74 కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

అన్నిటికన్నా ఎక్కువమంది తడబడేది ఇక్కడ: “అక్కా, ఎవరికీ చెప్పనంటే ఒకటి చెప్తా.” సరేనన్నారా, ఇరుక్కున్నారు. లైంగిక వేధింపు సంగతి బయటపడితే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నివారణ) చట్టం, 2012 సెక్షన్ 19 ప్రకారం తెలిసిన ప్రతివారూ పోలీసులకు చెప్పి తీరాలి, విద్యార్థులకు మినహాయింపు లేదు. అందుకే ముందే అనండి: “ఆ మాట మాత్రం ఇవ్వలేనమ్మా. నిన్ను ఎవరైనా బాధపెడుతున్నారంటే చెప్పాల్సినవాళ్లకు చెప్తాను. ఎవరికి చెప్తానో ముందు నీకే చెప్తా.” చాలామంది పిల్లలు కాసేపు ఆగి, అయినా చెప్తారు. చెప్పేటప్పుడు ‘వాడేనా? అక్కడేనా?’ అని మీరే మాటలు అందించకండి, ఫోన్‌లో రికార్డు చేయకండి. విని, వాళ్ల మాటల్నే ఉన్నదున్నట్టు తేదీ, సమయంతో రాసి, అదే రోజు సూపర్‌వైజర్‌కు చెప్పి, పోలీసులకు సమాచారం అందేలా చూడండి. ఆరోపణ సదనం సిబ్బంది మీదే అయితే అక్కడివాళ్లకు కాదు, నేరుగా పోలీసులకు లేదా 1098కి చెప్పి, కాలేజీ ఫ్యాకల్టీకి తెలియజేయండి.

మాట్లాడే చోటు అందరికీ కనబడాలి, మాట మాత్రం వినబడకూడదు. వరండా చివర బాగుంటుంది, తలుపు వేసిన గది వద్దు. పిల్ల వచ్చి పట్టుకుంటే విదిలించుకోకండి, భుజం మీద చెయ్యి వేసి పక్కన కూర్చోబెట్టుకోండి.

ఇక జరిగినదాన్ని సరిదిద్దాలి. ముందు రిపోర్టులో రాయండి. తర్వాత సూపర్‌వైజర్‌కు తెలిసేలా ఆ అమ్మాయితో: “నంబర్ ఇవ్వకూడదు, ఇచ్చింది నా పొరపాటు, నీ తప్పేం లేదు. మంగళ, గురువారాలు వస్తాను, అప్పుడు మాట్లాడుకుందాం.” ఉన్నట్టుండి ముఖం చాటేయడం నంబరు ఇవ్వడం కన్నా పెద్ద దెబ్బ. మీ ఫీల్డ్‌వర్క్ ఎప్పుడు ముగుస్తుందో ఇప్పుడే చెప్పి, ఆఖరి మూడు నాలుగు వారాలు ప్రతిసారీ గుర్తుచేయండి. ‘మళ్లీ వస్తా’ అని మాత్రం అనకండి.

రేపు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో కౌన్సెలర్, సోషల్ వర్కర్ పోస్టుల ఇంటర్వ్యూకు వెళ్తే ఇలాంటి సందర్భమే ఇచ్చి ఏం చేస్తారని అడగొచ్చు. ‘నంబర్ ఇవ్వను’ అని ఊరుకుంటే సగం జవాబే. ఎందుకు ఇవ్వరో, ఆ పిల్లకు బదులుగా ఏం చూపిస్తారో కూడా చెప్పగలగాలి.