ఎన్నారై సందేహాలు: 45 రోజులా, 300 రోజులా?

తమ్ముడూ, నాకన్నా పదిహేనేళ్లు చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే పిలుస్తాను. ఆఫీసులో వివక్ష మీద ఫిర్యాదుకు గడువు 45 రోజులా, నీ స్నేహితుడు చెప్పినట్టు 300 రోజులా అని అడిగావు. నీ ఉత్తరంలో రెండు పేజీల బాధ ఉంది, కావలసిన ఒక్క తేదీ మాత్రం లేదు. ప్రమోషన్ రాలేదని, నీ దగ్గర పని నేర్చుకున్న అతనికి వచ్చిందని, సూపర్‌వైజర్ నీ ఉచ్చారణ మీద నలుగురిలో వేళాకోళం చేశాడని వివరంగా రాశావు. ఇదంతా ఎప్పుడు జరిగిందంటే 'నెల దాటింది' అన్నావు. నెల దాటడమంటే 31 రోజులా, 44 రోజులా? నీ ఫిర్యాదు నిలవడమో కూలడమో ఆ పదమూడు రోజుల తేడాలోనే ఉంది.

ముందు జవాబు చెప్పేస్తాను. నీది ఫెడరల్ ఉద్యోగం, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వానిది. వివక్ష అని నువ్వు అనుకుంటున్నది జరిగిన నాటి నుంచి 45 రోజుల్లోగా నీ సంస్థలోని ఈఈఓ (సమాన ఉద్యోగావకాశాల) కౌన్సెలర్‌ను సంప్రదించాలి. నీ స్నేహితుడు చెప్పిన 300 రోజులు అబద్ధం కాదు, కాకపోతే అవి అతనివి, నీవి కావు. అతను ప్రైవేటు కంపెనీలో ఉన్నాడు. అతను నేరుగా ఈఈఓసీకి, అంటే సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కు వెళ్లాలి, అందుకు 180 రోజుల గడువు ఉంటుంది. వివక్షను నిషేధించే చట్టం, దాన్ని అమలు చేసే సంస్థ ఆ రాష్ట్రంలోనూ ఉంటే అది 300 అవుతుంది. రాష్ట్ర ప్రభుత్వంలో, కౌంటీ ఆఫీసుల్లో, స్టేట్ యూనివర్సిటీల్లో పనిచేసే మనవాళ్లకూ ఆ లెక్కే. 'గవర్నమెంటు ఉద్యోగం' అని మనం ఒక్క మాటతో అనేస్తాం గానీ, ఆ మాట వెనక రెండు గడియారాలు వేర్వేరు వేగాలతో నడుస్తున్నాయి. మిగతా నియమాలు ఈఈఓసీ వెబ్‌సైటులో ఉన్నాయి, మీ తరానికి వెతుక్కోవడం నేర్పనక్కరలేదు. నేను చెప్పగలిగేది అక్కడ దొరకనిది, అంటే నా తెలివితక్కువతనం.

నేను ఈ దేశం వచ్చింది 1999లో. పౌరసత్వం వచ్చాక ఒక ఫెడరల్ సంస్థలో చేరాను. జీఎస్ (ఫెడరల్ జీతాల గ్రేడు) 12 నుంచి 13కి వెళ్లే పోస్టు ఒకటి పడింది. ఆ పనిని అప్పటికే రెండేళ్లుగా నేనే చేస్తున్నాను, కాబట్టి నాకు కాక ఎవరికి ఇస్తారనుకున్నాను. 2011 నవంబరు 3, గురువారం మధ్యాహ్నం ఈమెయిల్ వచ్చింది: మిమ్మల్ని ఎంపిక చేయలేదు. ఇంటర్వ్యూ బృందంలోని ఒకాయన, ఖాతాదారుల ముందు నిలబెడితే నా మాట వాళ్లకు అర్థం కాదని ఎవరితోనో అన్నట్టు మరునాడు తెలిసింది.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? లెక్క వేశాను, అదీ రోజుల లెక్క కాదు, డబ్బు లెక్క. ఫిర్యాదంటే లాయరు, లాయరంటే గంటకు ఇంత, కేసంటే ఇన్ని గంటలు. దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకున్నాను. ఆ జబ్బు నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఇంటి అప్పు ఇరవై ఆరేళ్లు మిగిలి ఉంది, ఊళ్లో నాన్నగారికి కంటి ఆపరేషను, అమ్మాయికి పళ్లకు తీగలు. ఇంత పెద్ద ఖర్చు నెత్తిన పెట్టుకునే ముందు మర్యాదగా అడిగి చూద్దాం, అది ఉచితం కదా అనుకున్నాను.

మేనేజరుకు మూడు పేరాల ఉత్తరం రాశాను. ఆయన చాలా మంచిగా మాట్లాడాడు. చూస్తాను, పైవాళ్లతో మాట్లాడతాను అన్నాడు. థాంక్స్‌గివింగ్ వెళ్లనివ్వండి అన్నాడు. తరువాత బడ్జెట్ హడావిడి అన్నాడు. తరువాత క్రిస్మస్. నవ్వుతూ వాయిదా వేసేవాడికి మించిన ప్రమాదం ఆఫీసులో ఇంకొకటి లేదు. ఆయన మోసగాడేమీ కాదు, నిజంగానే మెతక మనిషి. కానీ మనం పైవాళ్లను బతిమాలుకుంటున్నంతసేపూ ఆ 45 రోజులు ఆగవు. ఈ సంగతి నాకు ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

జనవరి 3, మంగళవారం, సెలవుల తరువాత మొదటి పనిదినం. కోపం బాగా ముదిరి ఈఈఓ ఆఫీసుకు ఫోను చేశాను. కౌన్సెలర్ అడిగిన మొదటి ప్రశ్న: ఎంపిక కాలేదని మీకు ఏ రోజున తెలిసింది? జ్ఞాపకశక్తి చూపించుకునే ఉత్సాహంలో తేదీ, వారం, మధ్యాహ్నం ఎన్ని గంటలకో కూడా చెప్పాను. అవతల రెండు క్షణాలు నిశ్శబ్దం. 61 రోజులు. నా గడువు డిసెంబరు 18తో ముగిసింది. అది ఆదివారం కాబట్టి 19 సోమవారం దాకా వీలుండేదట. ఆ సోమవారం నేనేం చేస్తున్నానో బ్యాంకు స్టేటుమెంటు చూస్తే తెలిసింది. రాయితీ ఉందని కారుకు నాలుగు టైర్లు మార్పించాను.

అయినా పట్టు వదలలేదు. గడువు సంగతి నాకు తెలియదని వాదించాను. ఉద్యోగికి గడువు ఎవరూ తెలియజేయకపోతే, మరో దారిలోనూ అతనికి తెలియకపోతే పొడిగించే వీలు నియమాల్లోనే ఉంది. వాళ్లు నా ముందు రెండు కాగితాలు పెట్టారు. ఒకటి, మా అంతస్తులో కాఫీ యంత్రం పక్కన గోడకున్న పోస్టరు ఫొటో, అందులో 45 అంకె స్పష్టంగా ఉంది. రెండోది, నేను ఏటా కంప్యూటర్‌లో చదవకుండా నొక్కుకుంటూ పోయే శిక్షణ తాలూకు ధ్రువపత్రం, కింద నా సంతకం. రోజుకు రెండుసార్లు ఆ పోస్టరు ముందు నిలబడి కాఫీ కలుపుకున్నాను, తమ్ముడూ. ఫిర్యాదు వేశాను, గడువు దాటిందని కొట్టేశారు. నాకు అన్యాయం జరిగిందా లేదా అన్న విషయంలోకి ఎవరూ వెళ్లనే లేదు.

దీనికి కొసమెరుపు ఉంది. అంతా అయిపోయాక లాయరు దగ్గరకు వెళ్లి గంటకు 350 డాలర్లు కట్టాను, ఇక చేయగలిగింది లేదని ఆయన నోటితో వినడానికి. అప్పటి ధరలో పదిహేడు వేల అయిదు వందల రూపాయలు. కౌన్సెలర్‌తో మాట్లాడటానికి ఎంతవుతుందని ఆయన్ను అడిగితే నావైపు జాలిగా చూశాడు. ఏమీ అవదు. లాయరు లేకుండానే వెళ్లవచ్చు, ఫీజు లేదు. ఆ దశలో నువ్వు ఒప్పుకుంటే తప్ప నీ పేరు కూడా బయటపెట్టరు. ఆ తరువాత అసలు ఫిర్యాదు వేయడానికీ ఫీజు లేదు. దాన్ని తయారు చేసుకోవడానికి తగినంత డ్యూటీ సమయం ఇవ్వాలన్న నియమం ఉంది, అంటే సెలవు కూడా ఖర్చు కాదు. తోటి ఉద్యోగినే నీ ప్రతినిధిగా పెట్టుకోవచ్చు. ఉచితమని నేను ఎంచుకున్న దారి నాకు ఒక గ్రేడు జీతాన్ని పోగొట్టింది. ఇన్నేళ్లలో ఆ తేడా ఎంతయిందో ఒక ఎక్సెల్ పట్టికలో వేసి ఉంచాను. మా ఆవిడ దాన్ని తెరవవద్దంటుంది.

రెండోసారి నేను అంత అమాయకుణ్ణి కాను. 2015 అక్టోబరు 19న వార్షిక మదింపులో నా రేటింగు ఉన్నట్టుండి తగ్గించారు, పాత ఫిర్యాదు గురించి ఒక ఎత్తిపొడుపుతో సహా. కొట్టేసిన ఫిర్యాదైనా సరే, అది వేసినందుకు కక్ష తీర్చుకోవడం చట్టవిరుద్ధమే. నాలుగో రోజుకల్లా కౌన్సెలర్ దగ్గర ఉన్నాను. వాళ్లకు 30 రోజులుంటాయి, నువ్వు సరేనంటే ఇంకో 60 దాకా పెరుగుతాయి. రాజీ కుదరకపోతే ఫిర్యాదు వేసుకునే హక్కు ఉందని నోటీసు ఇస్తారు. అది అందిన నాటి నుంచి 15 రోజులే, సెలవులు కూడా కలిపి. నాకు ఆ నోటీసు డిసెంబరు 21న వచ్చింది, సరిగ్గా పండగ ముందు. పిల్లలు ఫ్లోరిడా టిక్కెట్లు కొన్నారు. నేను వెళ్లలేదు. 29న సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి, రసీదును పాస్‌పోర్టులు పెట్టే పెట్టెలో దాచాను. పోస్టు ముద్ర మీది తేదీనే లెక్కలోకి తీసుకుంటారని అప్పటికి చదివి ఉన్నాను.

తరువాత దర్యాప్తుకు 180 రోజులు. నివేదిక చేతికొచ్చాక విచారణ అడగాలా, సంస్థనే తేల్చమనాలా అన్నదానికి 30 రోజులు. విచారణ దాకా వెళ్లకుండానే మేము ఒప్పందం రాసుకున్నాం. అందులో ఏముందో చెప్పకూడదు. ఆ వేసవిలో మా ఇంటి పైకప్పు మార్పించానని మాత్రం చెప్పగలను.

నీకు అన్వయించేవి ఇంకొన్ని ఉన్నాయి. మీ ఆఫీసులో యూనియన్ ఉందన్నావు. యూనియన్ ఒప్పందం వివక్షను కూడా కలుపుకున్నదైతే యూనియన్ గ్రీవెన్స్ (యూనియన్ ద్వారా వేసే ఫిర్యాదు), ఈఈఓ ఫిర్యాదు రెండూ నడపనివ్వరు. రాతపూర్వకంగా ముందు ఏది వేస్తే అదే నీ దారి. కాబట్టి యూనియన్ మనిషి ఆప్యాయంగా ఫారం చాపినప్పుడు వెంటనే సంతకం పెట్టవద్దు. ఉచ్చారణ మీద వేళాకోళం ఏడాదిగా జరుగుతోందన్నావు. అలాంటి వేధింపుల వాతావరణంలో భాగమైన ఒక్క సంఘటన 45 రోజుల లోపల ఉన్నా పాతవాటినీ కలిపి చూస్తారు. ప్రమోషన్ అలా కాదు, ఒక్కో నిర్ణయానికి ఒక్కో గడియారం. ఈ తేడాను సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది, ఒక రైల్వే ఉద్యోగి కేసులో. ఉద్యోగంలోంచి తీసేస్తే వేరే బోర్డుకు 30 రోజుల్లో అప్పీలు చేసుకునే ఇంకో దారి ఉంది. దేవుడి దయవల్ల నీకు ఆ అవసరం రాకూడదు.

మీ విభాగంలో కాంట్రాక్టరు తరఫున హెచ్1బీ మీద కూర్చునే కుర్రాళ్లు కూడా అడగమన్నారని రాశావు. వాళ్ల కంపెనీ మీద ఫిర్యాదుకు ప్రైవేటు గడువే. కానీ రోజూ పని చెప్పేది, సెలవు ఇచ్చేది ఫెడరల్ అధికారే అయితే ఆ సంస్థను కూడా యజమానిగా లెక్కించే సందర్భాలున్నాయి. అప్పుడు మళ్లీ 45. ఎవరు యజమాని అన్న వాదన తరువాత నిదానంగా చేసుకోవచ్చు, ముందు చిన్న గడువును పట్టుకోమని చెప్పు.

మూడు లక్షల డాలర్లు వస్తాయటగా అని అడిగావు. ఎవరో ఆశ పెట్టినట్టున్నారు. 500 మందికి మించిన సంస్థల్లో మానసిక వేదన వంటి వాటికి ఇచ్చే పరిహారానికి ఆ మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. నువ్వు పడిన బాధకు కాగితం మీద రుజువు ఎంత ఉంటే అంతే చేతికొస్తుంది. బకాయి జీతమైనా ఫిర్యాదు వేసిన రోజుకు ముందు రెండేళ్ల వరకే. డబ్బు వస్తుందని అప్పు చేయవద్దు. ఈ వ్యవహారం ఏళ్ల తరబడి సాగుతుంది. నీ చేతిలో ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా, ముట్టుకోకుండా ఉండాలి. అది ఉన్నవాడే ఒప్పందం బల్ల దగ్గర ధీమాగా కూర్చోగలడు. లేనివాడు మొదటి అంకెకే తలూపుతాడు. నేను మొదటిసారి భయపడిందీ, రెండోసారి భయపడనిదీ దీనివల్లనే.

రేపు ఉదయం ఆఫీసు తెరవగానే కౌన్సెలర్‌కు ఫోను చెయ్యి, ఆ వెంటనే ఈమెయిల్ కూడా పంపు. ఫిర్యాదు ప్రక్రియ మొదలుపెట్టదలచుకున్నానని అందులో స్పష్టంగా రాయి, ఊరికే సలహా అడిగినట్టు ఉండకూడదు. ఆ తరువాత నాకు ఆ అసలు తేదీ రాసి పంపు.

చివర్లో చిన్న అక్షరాలతో ఇంకో ప్రశ్న ఇరికించావు, కొత్త ఇంటికి అడ్వాన్సు ఇవ్వవచ్చా అని. ఇవ్వవద్దు. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఎంత ఇచ్చావో, వడ్డీ ఎంత శాతమో, వెనక్కి తీసుకోవడానికి ఎన్ని రోజుల గడువో కూడా రాయి.