ఒకటో తరగతి ఇచ్చారని చిన్నబోకు బిడ్డా

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి అదే ఆలోచన. ఇన్నాళ్లు నాలుగు, ఐదు తరగతులు చెప్పుకున్నదానివి, ఈ జూన్‌లో బడి తెరవగానే హెచ్‌ఎం సారు ఒకటి, రెండు నీకు అప్పజెప్పారని, "అ ఆలు దిద్దించడానికా పెద్దమ్మా నేను డీఎస్సీకి అంత చదివింది" అన్నావు. నవ్వొచ్చింది, కొంచెం కోపం కూడా వచ్చింది. నేను పరకాల, నర్సంపేట వైపు ముప్పై ఏళ్లకు పైగా చేశాను, అందులో సగం ఒకటో తరగతే. ఐదో తరగతి దానికన్నా ఎంతో సులువు, నా మాట నమ్ము.

నా మొదటి ఏడాది ఒక పిల్లాడు ఉండేవాడు. పుస్తకం పట్టుకుంటే గడగడా చదివేవాడు, అక్షరాల కింద వేలు కూడా జరిపేవాడు. తనిఖీకి వచ్చిన సారు ముందు గర్వంగా వాడినే నిలబెట్టాను. ఆయన పుస్తకం తీసుకుని ఊరికే వేరే పేజీ తిప్పి ఇచ్చాడు, వీడు మాత్రం బెదరకుండా పాత పాఠమే చదివాడు. పేజీలో బొమ్మ కోతిది, వీడి నోట్లో కథ ఏనుగుది. ఆ రోజు నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తప్పు వాడిది కాదు, అందరితో కలిపి రాగం తీయించి చెప్పించిన నాది. వాడికి పాఠం వచ్చింది, చదవడం రాలేదు. ఈ రెండూ ఒకటే అనుకుని మూడో తరగతి దాకా నెట్టేసిన పిల్లలు ప్రతి బడిలో ఉంటారు.

అందుకే రోజుకు నలుగురినే దగ్గర కూర్చోబెట్టుకో. పుస్తకంలో లేని మాట రాసి చదివించు. అలాంటి మాటలు ఎక్కడ దొరుకుతాయంటావా, ఆర్టీసీ బస్సు బోర్డులు ఉన్నాయి కదా! పరకాల తీసుకో, ప, ర, క, ల వచ్చి దీర్ఘం తెలిస్తే చాలు. జనగామ కూడా అంతే. ములుగులో మూడు అక్షరాలకూ కొమ్ములే, కొమ్ము నేర్పడానికి అంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు. మేడారం సున్నా కోసం, వరంగల్‌లో సున్నాతో పాటు చివర పొల్లు కూడా ఉంది. నెక్కొండ, తొర్రూరు ఒత్తులప్పటికి దాచిపెట్టుకో. మహబూబాబాద్ మొదటిసారి కూడబలుక్కుని చదివిన మా క్లాసు పిల్ల ఒకతి వారం పాటు బళ్లో లీడర్‌లా తిరిగింది. తర్వాత బస్టాండ్‌లో వాళ్ల నాయినకు ఏ బస్సు ఎక్కాలో అదే చదివి చెప్పిందట, ఆయన బడికొచ్చి మరీ నాకు చెప్పి పోయాడు.

అక్షరాలు అ నుంచి క్ష దాకా వరసగా చెప్పాలని పట్టు పట్టకు. వెంటనే మాటలు అయ్యే అక్షరాలు ముందు చెప్పు, తల, వల, పలక, పడవ అన్నట్టు. ప-వ, మ-య, ద-డ, న-స లాంటి జంటలను ఒకే వారంలో చెప్పకు. మొదటిది చేతికి బాగా అలవాటయ్యాకే రెండోది. నేను రెండూ పక్కపక్కన రాసి తేడా చెప్పబోయి, రెండూ కలగాపులగం చేయించిన రోజులు ఉన్నాయి.

అసలు మొదటి నెల రాయించకపోయినా ఏం మునిగిపోదు, మాట్లాడించు. నీ దగ్గర తండా పిల్లలు ఉన్నారన్నావు కదా, వాళ్ల లంబాడీ మాటలో అమ్మ అంటే యాడి. "అ అంటే అమ్మ" అని నువ్వు అంటే ఆ పిల్ల ఒకేసారి రెండు కొత్తవి నేర్చుకోవాలి, అక్షరమూ, మాటా. ముందు వాళ్ల మాట నువ్వు నేర్చుకో, నవ్వుతారు, దగ్గరవుతారు. మక్కలు అన్నవాడిని మొక్కజొన్న అనమని సరిదిద్దకు. రెండూ ఒకటే అని చెప్పి ముందుకు వెళ్లు.

లెక్కల్లో నీకు ముందుగా తగిలేది ఇదే, ఇరవై మూడు రాయమంటే 203 రాస్తారు. తిట్టకు, వాళ్లు విన్నదే రాశారు, ఇరవై, పక్కన మూడు. చీపురు పుల్లలు పదేసి రబ్బరు బ్యాండ్‌తో కట్టించు, రెండు కట్టలు, మూడు విడి పుల్లలు. కట్టలకు ఒక గడి, విడివాటికి ఒక గడి గీసి అందులో రాయించు. పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్లలు కాగితంతో చేసుకున్నా సరే. బరువుల పాఠానికి మేడారం జాతర గుర్తు చెయ్యి, అమ్మవార్లకు మొక్కుగా నిలువెత్తు బంగారం, అదే బెల్లం, తూగిన పిల్లలు క్లాసులో ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు, ఎన్ని కిలోల బెల్లం పట్టిందో ఇంట్లో అడిగి రమ్మంటే పాఠం సగం అయిపోయినట్టే.

టార్గెట్లని టెన్షన్ పడుతున్నావు. 2021లో మొదలైన కేంద్రం కార్యక్రమం నిపుణ్ భారత్ గానీ, మన తెలంగాణలో 2022లో వచ్చిన తొలిమెట్టు కార్యక్రమం గానీ అడిగేది చదవడం, రాయడం, లెక్కలు పునాదిలోనే రావాలనే. నిపుణ్ లెక్క ప్రకారం ఒకటో తరగతికి నాలుగైదు చిన్న మాటల వాక్యం చదివి, 99 దాకా అంకెలు తెలిస్తే చాలు. నిమిషానికి 60 మాటలు, 9999 దాకా అంకెలు అన్నది మూడో తరగతి అయ్యేసరికి. పక్కింటి ప్రైవేటు పిల్ల ఇరవయ్యో ఎక్కం చెప్తోందని తల్లిదండ్రులు అంటారు, వాళ్లను ఒక పూట క్లాసులో కూర్చోబెట్టి పుల్లల లెక్క చూపించు.

ఇంగ్లిష్ మీడియం అని బెదిరిపోకు. పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ ఉన్నాయి, కథ తెలుగులో చెప్పి అర్థమయ్యాకే రెండో పక్కకు వెళ్లు. పెళ్లికి ముందు నేను చేసిన ఒక ప్రైవేటు బడిలో బయటికి వెళ్లాలన్నా ఇంగ్లిష్‌లోనే అడగాలని రూలు. ఆ మాటలు గుర్తురాక ఒక పిల్లాడు కూర్చున్న చోటే నిక్కరు తడిపేసుకున్నాడు, మర్నాటి నుంచి బడికి రాలేదు. నీ క్లాసులో పిల్లలు చిటికెన వేలు చూపిస్తే పంపించెయ్యి.

ఇంకొకటి, దసరా తర్వాత పత్తి ఏరే రోజులు వస్తాయి. తమ్ముడిని చూసుకోమని చేనుకు తీసుకుపోతారు, పదిహేను రోజులు కనబడరు. తిరిగొచ్చిన రోజు "ఇన్నాళ్లు ఏమైపోయావ్" అని అడగకు, చేనులో ఏం చూశావో చెప్పమను. మరిచిపోయిన అక్షరాలు రెండో తరగతి పిల్లను పక్కన కూర్చోబెట్టి గుర్తు చేయించు. రెండు తరగతులు ఒకే గదిలో ఉండడం నీకు ఇక్కడే కలిసొస్తుంది.

దసరా సెలవులకు హనుమకొండ వచ్చినప్పుడు అటక మీద నా చింతగింజల డబ్బా ఉంది, తీసుకుపో. పలకలు కూడా ఓ పది ఉండాలి, రెండు మూడు పగిలాయేమో చూడాలి.

మీ పెద్దమ్మ