ఫీజు కట్టమంటున్న ఆల్ఫా ఫై సిగ్మా నిజమైనదేనా?

ప్రశ్న: మా అమ్మాయి కేయూలో (కాకతీయ యూనివర్సిటీ) సోషియాలజీ చదివి, ఇప్పుడు అమెరికాలో క్రిమినల్ జస్టిస్ మాస్టర్స్ చేస్తోంది. మార్కులు బాగున్నాయని ‘ఆల్ఫా ఫై సిగ్మా’లో చేరమంటూ మెయిల్ వచ్చిందట, డాలర్లలో ఫీజు కట్టాలట. పేరు చూస్తే గొలుసుకట్టు స్కీములా ఉంది. కట్టమనాలా, వద్దనాలా?
– ఒక తండ్రి, హన్మకొండ

జవాబు: మీరు అనుమానపడటంలో తప్పేం లేదు, ‘మీరు ఎంపికయ్యారు’ అంటూ పిల్లలకు వచ్చే మెయిళ్లలో ఉత్తుత్తివి చాలానే ఉంటాయి. ఇది మాత్రం అసలుదే. 1942లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో మొదలైంది, క్రిమినల్ జస్టిస్ విద్యార్థుల జాతీయ ఆనర్ సొసైటీ, అంటే మంచి మార్కులు వచ్చినవాళ్లనే చేర్చుకునే సంఘం. సోషియాలజీ వాళ్లకు ఇలాంటిదే ఆల్ఫా కప్పా డెల్టా ఉంది, 1920లో ఇమోరీ బొగార్డస్ పెట్టారు. అక్కడ కాలేజీ సంఘాలకు గ్రీకు అక్షరాల పేర్లు మామూలే. ఆ సబ్జెక్టులో నాలుగు కోర్సులు పూర్తయి, 4కి డిగ్రీలో 3.2, పీజీలో 3.4 జీపీఏ (గ్రేడుల సగటు) ఉంటే గానీ తీసుకోరు. ఫీజు ఒక్కసారే. అయినా కట్టేముందు డిపార్ట్‌మెంట్‌కు వెళ్లి చాప్టర్ (ఆ కాలేజీలోని సొసైటీ శాఖ) అడ్వైజర్ ఎవరో అడగమనండి. నిజంగా చాప్టర్ ఉంటే ఒక ప్రొఫెసర్ పేరు చెబుతారు. చెప్పేవాళ్లే లేకపోతే డబ్బు కట్టొద్దు.

ఇక లాభం సంగతి. డిగ్రీ చదివేటప్పుడు ఇలాంటి గుర్తింపు ఉన్న సొసైటీకి ఎంపికైతే అమెరికా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగాల్లో జీఎస్-5 అనే జీతం గ్రేడు బదులు, దానికి పైనున్న జీఎస్-7లో చేరే వీలుంటుంది, అంటే మొదటి జీతమే ఎక్కువ. వినడానికి బాగుంది, కానీ ఆ ఉద్యోగాలు దాదాపు అన్నీ పౌరసత్వం ఉన్నవాళ్లకే, ఎఫ్‌బీఐ అయితే మరీను. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద ఉన్న మన పిల్లకు అది రెజ్యూమెలో ఒక లైను, అంతే. అసలు లాభం ఇంకోచోట ఉంది. ఈ సొసైటీ వార్షిక సమావేశం అకాడమీ ఆఫ్ క్రిమినల్ జస్టిస్ సైన్సెస్ సదస్సుతో కలిపి జరుగుతుంది, అక్కడ ఒక పేపర్ చదివితే, రేపు పీహెచ్‌డీకి రికమండేషన్ లెటర్ రాసే ప్రొఫెసర్‌కు ఈ అమ్మాయి ఎవరో తెలుస్తుంది. మీటింగులకు వెళ్లే ఓపిక ఉంటే కట్టమనండి, సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు తగిలించడానికైతే వద్దు.

ఒక జాగ్రత్త. లాంబ్డా ఆల్ఫా ఎప్సిలాన్ అని ఇంకో సంఘం ఉంది, అది ఆనర్ సొసైటీ కాదు. నేరస్థలాన్ని పరిశీలించే పోటీలు పెడతారు, సరదాగా ఉంటాయి, కానీ తుపాకీ కాల్చే పోటీ కూడా ఉంటుంది. స్టూడెంట్ వీసా వాళ్లు తుపాకీ పట్టుకోవడం మీద అక్కడి ఫెడరల్ చట్టంలో గట్టి ఆంక్షలున్నాయి. ఫ్రెండ్స్ పిలిచారని వెళ్లొద్దని చెప్పండి.

ప్రశ్న: సుబేదారిలో బీఏ చదువుతున్నాను, సోషియాలజీ నా సబ్జెక్టు. మాకిక్కడ ఇలాంటి సొసైటీలేవీ లేవు. ఏం చేయాలి?
– ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, బ్యాడ్జీ లేకపోతే పోయింది, పని మాత్రం బోలెడుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్లను (న్యాయసహాయం అందేలా జనానికి సాయపడేవాళ్లు) ఎప్పుడు తీసుకుంటారో కనుక్కో. ఈ పథకం 2009లో వచ్చింది, విద్యార్థులు కూడా చేరొచ్చు. లోక్ అదాలత్ రోజు ఒక్కసారి వెళ్లి బెంచీ మీద కూర్చుని చూడు. యాక్సిడెంట్ పరిహారం కోసం వచ్చిన ఆమె పక్కనే కూర్చుని ఉంటుంది, బేరం మాత్రం బావమరిది మాట్లాడుతుంటాడు, చివరికి కాగితం మీద వేలిముద్ర ఆమెది. సిలబస్‌లో ఉన్న కుటుంబం, అధికారం అన్న చాప్టర్లన్నీ అక్కడే కనిపిస్తాయి.

క్లబ్బు కావాలంటే నలుగురు చాలు, వారానికో గంట, ఒక సారు, మినిట్స్ రాసే రిజిస్టరు. ఉపన్యాసాలూ శాలువాలూ మొదలుపెట్టారంటే మాత్రం రెండో నెలకే ఎవరూ రారు, అందుకే ఒకే ప్రశ్న పట్టుకోండి. నన్నడిగితే, 1886 నాటి వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఆసుపత్రి కోసం కూల్చి ఖైదీలను వేరే జైళ్లకు పంపారు కదా. అప్పటిదాకా ఆటోలో ములాఖత్‌కు వెళ్లొచ్చిన తల్లులు, భార్యలు ఆ తర్వాత ఎంత దూరం వెళ్లాల్సి వచ్చింది, బస్సు ఖర్చు ఎంత, వెళ్లడం మానేసినవాళ్లు ఉన్నారా? వాళ్లు ఒప్పుకుంటేనే మాట్లాడండి, పేర్లు రాయకండి.