టీడీశాట్ ఇంటరిమ్ ఆర్డర్ మీద హైకోర్టుకి వెళ్తే పనవుతుందా?

వెళ్ళొచ్చండి, నేను వెళ్ళాను, ఉన్న రెండు వారాల గడువూ అక్కడే తగలేసుకుని వచ్చాను. చానెల్ వాళ్ళకి మీరివ్వాల్సిన బకాయిలో సగం కట్టమని టీడీశాట్ (టెలికాం, కేబుల్ తగాదాలు తేల్చే ఢిల్లీ ట్రిబ్యునల్) మీకు ఇంటరిమ్ ఆర్డర్, అంటే కేసు తేలేలోపు ఇచ్చే మధ్యంతర ఆర్డర్, ఇచ్చింది, దాన్ని హైకోర్టులో కొట్టేయించొచ్చా అని కదా మీరడిగింది. అచ్చం మా కథే.

2019, కేబుల్ రేట్ల కొత్త టారిఫ్ వచ్చిన ఏడాది. మా బావా నేనూ కలిసి గోదావరి జిల్లాలో చిన్న హెడ్‌ఎండ్, అంటే చానెళ్ళ సిగ్నల్ అందుకుని కేబుల్లో ఇళ్ళకి పంపే సెంటరు, నడిపేవాళ్ళం. వంద చానెళ్ళకి 130 రూపాయలు, పే చానెళ్ళకి మళ్ళీ విడిగా, ఎవరు ఏది తీసుకున్నారో ఏది మానేశారో మా సాఫ్ట్‌వేరుకే అంతుచిక్కేది కాదు. ఒక పెద్ద చానెల్ గ్రూపు మా రిపోర్టులు పక్కన పడేసి వాళ్ళకి తోచిన లెక్కతో బిల్లేసి, కట్టకపోతే 21 రోజుల్లో కట్ అని నోటీసిచ్చింది. ఢిల్లీ పరిగెత్తాం. టీడీశాట్ అప్పట్లో చాణక్యపురిలో సామ్రాట్ హోటల్లో ఉండేది, ఆటోవాడు పెళ్ళికా అని అడిగితే మా బావ 'కాదు, తద్దినానికి' అన్నాడు తెలుగులోనే.

ఆర్డరేంటంటే సగం రెండు వారాల్లో కట్టండి, అందాకా వాళ్ళు సిగ్నల్ ఆపకూడదు, కట్టకపోతే వాళ్ళిష్టం. ఇప్పుడు చూస్తే బంగారం లాంటి ఆర్డరు, అప్పుడు మాత్రం ఒళ్ళు మండింది, తప్పుడు బిల్లుకి సగమెందుకు కట్టాలని.

ట్రాయ్ (టెలికాం, కేబుల్ నియంత్రణ సంస్థ) చట్టం సెక్షన్ 18లో టీడీశాట్ ఆర్డర్ల మీద సుప్రీంకోర్టుకి అప్పీలుంది గానీ ఇంటరిమ్ వాటికి లేదు. అందుకే అందరూ రాజ్యాంగంలోని 226, 227 ఆర్టికల్స్ పట్టుకుని రిట్ వేయడానికి హైకోర్టు మెట్లెక్కుతారు, ట్రిబ్యునళ్ళ మీద హైకోర్టుకున్న ఆ అధికారం తీసేయడానికి లేదని 1997లో సుప్రీంకోర్టు ఎల్.చంద్రకుమార్ తీర్పు వచ్చాక ఆ దారి ఎవరూ మూయలేరు. ఏ హైకోర్టన్నది ఇంకో తలనొప్పి, ఇక్కడి లాయరుగారు అమరావతి అన్నారు, ఢిల్లీ లాయరు ఢిల్లీ అన్నాడు, అది తేలేసరికి నాలుగు రోజులు, ఎవరి ఫీజు వాళ్ళకి. చివరికి ఢిల్లీలోనే వేశాం.

ఇద్దరు జడ్జీల బెంచి. మా నంబరొచ్చేసరికి సాయంత్రం అయింది. మా లాయరు బాక్సుల లెక్క ఎత్తుకోగానే, మీ వాదన వినకుండా ఆర్డరిచ్చారా అని అడిగారు. విన్నారండి. ఇచ్చే అధికారం లేదంటారా? ఉందండి. మరి లెక్కలు అక్కడే తేల్చుకోండి, వాయిదా దగ్గర్లోనే ఉందిగా. అయిపోయింది, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు, ఆ కట్టకి జెరాక్సులు తీయించడానికే ఒక పూట పట్టింది మాకు.

గడువు దాటిన మర్నాడు రాత్రి, సరిగ్గా సీరియళ్ళ టైముకి, కంట్రోల్ రూంలో మానిటర్ మీద ఆ గ్రూపు చానెళ్ళ గళ్ళు ఒక్కొక్కటే నల్లబడుతుంటే చూస్తూ కూర్చున్నాం. కలెక్షన్ కుర్రాడు ఫోను స్విచాఫ్ చేసేసుకున్నాడు. ఒక మామ్మగారైతే నేరుగా ఆఫీసుకే వచ్చి 'కోర్టులూ గీర్టులూ నాకెందుకురా, రేపటికైనా వస్తదా రాదా' అని గుమ్మంలోనే కూర్చుంది. నెల తిరిగేసరికి మా వీధిలోనే డాబాల మీద డిష్షులు లేచాయి. చానెలాపింది ఎవరైనా తిట్లు మాత్రం కేబులోడికే.

పెద్దోళ్ళ సంగతి వేరు లెండి, 2024 జూన్‌లో ఆంధ్రాలో టీవీ9 కేబుల్లో ఆగిపోతే అదే ఢిల్లీ హైకోర్టు 15 మంది ఎంఎస్ఓలని (పెద్ద కేబుల్ కంపెనీలని) సిగ్నల్ ఇవ్వమంది. మీదీ నాదీ డబ్బు లెక్క, దాన్ని రిట్‌లో ఎవరూ తవ్వరు. మీ మాట వినకుండానే ఆర్డరిచ్చుంటే హైకోర్టుకెళ్ళండి, లేదంటే ముందు ఆ గడువు తేదీ చూసుకుని, విడతల్లో కడతామనో టైం పెంచమనో టీడీశాట్‌లోనే అప్లికేషన్ వేయండి. మా కేసులో ఆఖరికి ఇద్దరి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే మేమివ్వాల్సింది వాళ్ళడిగిన దాంట్లో సగం కంటే తక్కువే తేలింది. అప్పటికి మా దగ్గర మిగిలిన కనెక్షన్లు కూడా దాదాపు సగమే.