ముందు క్లచ్ నేర్చుకోండి టీచర్ గారూ, బండి తర్వాత కొందాం

ప్రశ్న: మాది విజయనగరం. వయసు 46. జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచర్‌ని, 2008 డీఎస్సీ, సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్). చేతికి 62 వేలు వస్తుంది. ఇంటి లోను ఈఎంఐ 21 వేలు. 3 లక్షల చీటీకి నెలకు 12 వేలు కడుతున్నాను, ఇంకా పది నెలలుంది. అమ్మాయి బీటెక్ రెండో సంవత్సరం, ఏడాదికి లక్షా ఇరవై వేల ఫీజు. ఎఫ్‌డీ 2 లక్షలు ఉంది. మావారిది హార్డ్‌వేర్ షాపు. అన్నీ పోగా నెలకు 8 వేలు మిగులుతాయి. ఇన్నాళ్లూ స్కూటీయే. ఇప్పుడు గేర్ల బండి నేర్చుకుని అరకు, కోరాపుట్ నా బండి మీద నేనే వెళ్లాలని ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల 450 హిమాలయన్ నచ్చింది, ఆన్‌రోడ్ 4 లక్షల దాకా అవుతుందట. ఎఫ్‌డీలోంచి లక్ష తీసి, 3 లక్షలు లోను పెట్టి సిరిమాను పండగ నాటికి కొనేద్దామా? మావారేమో నగలు పెడదామంటున్నారు. చుట్టాలు ‘ఈ వయసులో ఇదేం పిచ్చి’ అంటున్నారు.

జవాబు: చుట్టాల మాట పక్కన పెట్టండి టీచర్ గారూ. ఇన్నేళ్లుగా ఉద్యోగం చేసి, ఇల్లు కట్టి, పిల్లను చదివిస్తున్నారు. మీకోసం మీరు అడిగింది ఇదొక్కటే, దీన్ని కొట్టేయమని నేను చెప్పను. కానీ ఈ పండగకి మాత్రం వద్దు.

మీరు బండి కొనడం, బండి నేర్చుకోవడం రెండూ ఒకటే అనుకుంటున్నారు. స్కూటీలో ఎడమ చేతికి వెనక బ్రేకు ఉంటుంది. గేర్ల బండిలో అదే చేతికి క్లచ్ ఉంటుంది. నేను స్కూటర్ నుంచి గేర్ల బండికి మారింది 43వ ఏట. నేర్చుకుంటున్న మూడో ఆదివారం కుక్క అడ్డొచ్చింది. పాత అలవాటుకొద్దీ ఎడమ చెయ్యి గట్టిగా నొక్కేశాను. బండి ఆగలేదు సరికదా, ఇంజను పట్టు వదిలేసి ఇంకా జారుకుంటూ పోయి కంకర కుప్పలో పడింది. మోకాలు గీరుకుంది, అద్దం పగిలింది. పాత బండి కాబట్టి రెండు మూడొందల్లో అయిపోయింది. నాలుగు లక్షల కొత్త బండి అయితే ఖర్చు సంగతి అటుంచండి, మళ్లీ ఎక్కడానికి ధైర్యం చాలేది కాదు.

అందుకని 35, 40 వేలల్లో తేలికైన సెకండ్ హ్యాండ్ 150 సీసీ బండి తీసుకోండి. ఆర్‌సీ మీ పేరు మీదకి మార్పించుకోండి. ఆదివారం పొద్దున్నే మీ స్కూలు గ్రౌండులో, తెలిసినవాళ్లు పక్కనుండగా, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ వదులుతూ బండిని కదిలించడం ఒక్కటే రెండు వారాలు చేయండి. సాయంత్రం ఏడింటికి గంటస్తంభం దగ్గరి రద్దీలో ఇంజను ఆగిపోకుండా దాటగలిగిన రోజున ఎస్.కోట దాకా వెళ్లి రండి. బొడ్డవర దాటాక మొదలయ్యే ఘాట్ మాత్రం చివర్లో పెట్టుకోండి.

లైసెన్సు సంగతి చాలామంది వదిలేస్తారు. మీది గేర్లు లేని బండి లైసెన్సే అయితే గేర్ల బండికి అది చెల్లదు. లైసెన్సులో గేర్ల బండి క్లాసు కలిపించుకోవాలి. లెర్నర్స్ తీసుకున్న 30 రోజుల తర్వాత టెస్టుకి వెళ్లొచ్చు, అది ఆరు నెలలు చెల్లుతుంది. చెల్లే లైసెన్సు లేకుండా ప్రమాదం జరిగితే, పాలసీలో ఉండే 15 లక్షల యజమాని ప్రమాద బీమా చేతికి రాదు.

ఇక డబ్బు. 3 లక్షల లోను 11 శాతం వడ్డీకి మూడేళ్లు తీసుకుంటే నెలకు సుమారు 9,800 కట్టాలి. మీకు మిగిలేదే 8 వేలు. వడ్డీ కిందే 53 వేలు పోతాయి. చీటీ ఇప్పుడే పాడేసి కొందామని కూడా అనిపించొచ్చు. వద్దు, ఈ దశలో పాడితే పాటలో వదులుకునే డబ్బు నష్టం. నగల మాట అసలు ఎత్తకండి. ఏడాదికోసారి వడ్డీ కట్టి రెన్యువల్ చేయించుకుంటూ పోతే అసలు తరగదు, షాపు బేరాలు మందగించిన ఏడాదే నోటీసు వస్తుంది. ఎఫ్‌డీ రెండు లక్షలు మీ ఇంటికి ఇప్పటికే తక్కువ. దాని మీద చెయ్యి వేయకండి.

నేనైతే ఇలా చేస్తాను. చీటీని చివరిదాకా ఉంచి, కమీషన్ పోగా వచ్చే 2 లక్షల 85 వేలల్లో 2 లక్షల 40 వేలు అమ్మాయి మిగతా రెండేళ్ల ఫీజుకి పక్కన పెడతాను. మిగిలేది 45 వేలు. ఈ పది నెలల మిగులు పాత బండికి, మంచి ఐఎస్ఐ హెల్మెట్, జాకెట్, గ్లౌజులు, బూట్లకి సరిపోతుంది. చీటీ అయ్యాక ఆ 12 వేలకు మరో 5 వేలు కలిపి పది నెలలు ఆర్‌డీ (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్) కడితే లక్షా 70 వేలు. పాత బండి అమ్మితే ఓ 35 వేలు వస్తాయి. అన్నీ కలిపితే రెండున్నర లక్షలు.

ఆ డబ్బుకి మెటియోర్ లాంటి 350 సీసీ బండి అప్పు లేకుండా వస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు జీఎస్టీ 18 శాతం, అది దాటితే 40 శాతం. హిమాలయన్ 452 సీసీ కాబట్టి ఆ 40లో పడుతుంది, బీమాలో థర్డ్ పార్టీ ప్రీమియం కూడా రెట్టింపు దాకా ఉంటుంది. హిమాలయన్ సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, మెటియోర్‌ది 765. ఘాట్‌లో మలుపు దగ్గర ఆగినప్పుడు రెండు కాళ్లూ నేలకి ఆనాలి కదా. రెండూ 190 కిలోలు పైబడినవే.

ఆర్‌డీలో 8 వేలూ వేయకుండా 5 వేలే ఎందుకన్నానంటే, మిగతాది మీ పేరు మీద టర్మ్ పాలసీకి, అంటే మీకేమైనా అయితే ఇంటికి డబ్బు వచ్చే జీవిత బీమాకి. ఏపీజీఎల్‌ఐ (ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా) ఒక్కటే ఉంటే ఇంటి లోనుకే చాలదు. సొంతంగా తీసుకునే జీవిత బీమా మీద జీఎస్టీ కూడా అదే సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు. ఈహెచ్‌ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు ఆస్పత్రి బిల్లు చూసుకుంటుంది గానీ ఇంటి ఈఎంఐ కట్టదు. అందుకే పాత బండి కొనేలోపే పాలసీ చేతికి రావాలి. ఈ వారం ఆ ప్రపోజల్ ఫారం నింపండి, లెర్నర్స్ స్లాట్ వచ్చే వారానికి బుక్ చేసుకోండి.