మూడు గుర్రాలు కొనే ముందు, ఒకదాని లెక్క వేయండి

ప్రశ్న: మాది పల్లెటూరు. సొంత పొలం, కొట్టం ఉన్నాయి. ఒక థరోబ్రెడ్ (పందేల జాతి గుర్రం), ఒక అరబ్బీ గుర్రం, ఒక పోనీ (పొట్టి జాతి గుర్రం) కొని, ఆరు నెలలు మేపి, స్వారీకి మచ్చిక చేసి అమ్మాలనుకుంటున్నాను. సగం నా పొదుపు, సగం అప్పు. గిట్టుబాటవుతుందా?

జవాబు: ఈ వ్యాపారంలో లాభాన్ని మింగేది కొన్న ధర కాదు, గుర్రం కొట్టంలో నిలబడిన రోజులు. కొనుగోలు ధర 100 అనుకోండి. పశువైద్య పరీక్ష, రవాణాకు 8. మేత, నాడాలు, టీకాలు, నట్టల మందు కలిపి నెలకు 5 చొప్పున ఆరు నెలలకు 30. ధరలో సగం అప్పు మీద ఏడాదికి 12 శాతం వడ్డీ అయితే, ఆరు నెలలకు 3. మొత్తం 141. అమ్మేటప్పుడు మధ్యవర్తికి 5 శాతం పోతుంది కాబట్టి 148కి పైగా అమ్మితేనే అసలు చేతికొస్తుంది. తొమ్మిది నెలలు పడితే అది 166కు చేరుతుంది. మీ కూలి ఇందులో కలపలేదు. ఈ అంకెలు ఉదాహరణకే; మీ ఖర్చులు వేసి మళ్లీ లెక్కించండి.

మేత అంచనాకు గుర్రం బరువు కావాలి. ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, ఒంటి పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగించండి. సెంటీమీటర్లలో కొలిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 180, పొడవు 165 అయితే 450 కిలోలు. రోజుకు బరువులో సుమారు 2 శాతం మేత, అంటే 9 కిలోలు. ఆరు నెలలకు 1,620 కిలోలు. మీ పొలంలో అంత గడ్డి పండకపోతే కొనాల్సిందే.

జాతుల సంగతి. పందేల నుంచి తప్పించిన థరోబ్రెడ్ చవగ్గా దొరకొచ్చు, కానీ ఒళ్లు నిలబెట్టడానికి దాణా ఎక్కువ కావాలి, కాళ్లకు పాత గాయాలు ఉండొచ్చు. అరబ్బీ గుర్రపు పిల్లల్లో వచ్చే ప్రాణాంతక రోగనిరోధక లోపానికి జన్యుపరీక్ష ఉంది. ఆడగుర్రాన్ని ఈనించాలనే ఆలోచన ఉంటే అది చేయించండి. పోనీకి తక్కువ మేత చాలు. పచ్చిక విపరీతంగా మేస్తే మాత్రం గిట్టల వాపు వచ్చి కుంటుతుంది. పల్లెల్లో వంశపత్రం కన్నా నెమ్మదైన స్వభావమే త్వరగా అమ్ముడవుతుందని నా అభిప్రాయం. పత్రాలకు అదనపు ధర ఇస్తున్నారంటే, అందులోని చిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు పరికరం) నంబరు ఆ గుర్రానిదేనా, యాజమాన్యం మీ పేరుకు మారుతుందా చూడండి. మారకపోతే ఆ అదనం దండగ.

మోసం ఎక్కువగా కుంటు దగ్గర జరుగుతుంది. నొప్పి మందు పడితే అది కొన్ని రోజులు కనబడదు. మీరు వెళ్లేసరికి గుర్రం చెమటతో, జీను వేసి సిద్ధంగా ఉంటే ఇంకో రోజు చెప్పకుండా వెళ్లండి. వైద్యుణ్ని మీరే పెట్టుకోండి, అమ్మేవారి వైద్యుడు వద్దు. నొప్పి మందు వేశారన్న అనుమానం తర్వాత వస్తే పరీక్షించడానికి రక్తనమూనా తీయించి దాచమనండి. వయసు మాటకొస్తే, అయిదేళ్లకల్లా ముందు పళ్లు అన్నీ శాశ్వతమైనవి వచ్చేస్తాయి; పైవరస మూలపు ముందు పంటి మీద గాడి సుమారు పదేళ్లకు మొదలవుతుంది. అయిదేళ్లదని చెప్పిన గుర్రానికి ఆ గాడి కనిపిస్తే బేరం ఆపండి. కొన్నాక మూడు వారాలు విడిగా కట్టండి, మేత వారం పది రోజుల్లో క్రమంగా మార్చండి. ఒక్కసారిగా మారిస్తే కడుపునొప్పి వస్తుంది. దానికి ఆపరేషన్ అవసరమైతే, బిల్లు గుర్రం ధరను దాటొచ్చు. మరణ బీమా సాధారణంగా ఆ బిల్లు కట్టదు. వైద్యఖర్చుల బీమా వేరుగా అడగండి.

అప్పు విషయంలో నేను ఒప్పుకోను. వాయిదా వచ్చే నెల నుంచే మొదలవుతుంది, గుర్రం సొమ్ము ఎప్పుడొస్తుందో తెలియదు. వాయిదా కోసం తెగనమ్మే పరిస్థితి అక్కడే వస్తుంది. మొదట మీ పొదుపులో సగానికి మించకుండా ఒకే గుర్రం కొనండి. మిగతా దాంట్లోంచి ఎనిమిది నెలల మేత, ఒక పెద్ద వైద్య ఖర్చు పక్కన పెట్టండి. ప్రతి గుర్రానికి వేరే ఖాతా పుస్తకం రాయండి, పన్ను లెక్కకూ అదే ఆధారం. ఆరో నెల దాటినా అమ్ముడు కాకపోతే, ధరను మీ నెల ఖర్చు మేరకు వెంటనే తగ్గించండి.